డిగ్రీ అడగని కొలువు

నాగపూర్,
22 జులై 1967.

అక్కకు ఉప్పలయ్య దండం.

కవరు మీద నాగపూర్ ముద్ర చూసి పరేషాన్ కాకు. బావ వర్క్‌షాపుకు పోయినంక, తలుపు దగ్గరికేసి, కూసోని చదువు.

నేను కాలేజీ మానేసిన.

ఎన్.సి.సి. క్యాంపు అని నీకు చెప్పి పెట్టె పట్టుకొని బయలెల్లిన చూడు, అది క్యాంపు కాదు. యూనివర్సిటీ హాస్టల్ ఖాళీ చేసి వచ్చిన. ఈడ ఫ్లైయింగ్ క్లబ్బుల విమానం నడుపుడు నేర్చుకుంటున్న. సర్కారు స్కాలర్‌షిప్ వచ్చింది. బేగంపేటల జాగ దొరకలే. ఒకందుకు మంచిదే, ఆడ ఉంటే ఎవరన్న చూసి బాపు చెవిల వేద్దురు.

పోయినేడు ఎన్.సి.సి.ల మమ్ముల ఒక్కసారి విమానంల తిప్పిండ్రు. ఆర్ట్స్ కాలేజీ పైకెళ్ళి పోయినం. అంత పెద్ద రాతి బిల్డింగు అగ్గిపెట్టె లెక్క కనపడ్డది. కిందికి దిగినంక పైలట్ సారును అడిగిన, "సార్, మీరేం డిగ్రీ చేసిండ్రు?" అని. ఆయన నవ్వి, "మెట్రిక్. నా విమానం నన్ను ఎన్నడూ డిగ్రీ అడగలే" అన్నడు. ఆ మాట నన్ను నిద్రపోనియ్యలే అక్కా. నేను బీఎస్సీల కూసోని కప్పను కోసుకుంట మూడేండ్లు ఎందుకు గడపాలె? లైసెన్సుకు మెట్రిక్ చాలు. కండ్లు, చెవులు, గుండె మంచిగుండాలె. దారి లెక్కలు, గాలివాన చదువు, రూల్సు, గివి పాస్ కావాలె. మిగతాది గాలిల నేర్చుకునుడే.

బాపుకు ఇప్పుడే చెప్పకు. లైసెన్సు చేతుల పడ్డనాడు నేనే వచ్చి చెప్త. బాపు పేర రాసిన ఉత్తరం ఈ కవర్ల పెట్టిన. తార్నాక పోస్టు డబ్బల వెయ్యి. అప్పుడు ఊర్లె ఎవరు చదివిపెట్టినా ముద్ర హైదరాబాద్‌దే కనపడ్తది.

నీ తమ్ముడు,
ఉప్పలయ్య


తార్నాక, రైల్వే క్వార్టర్స్,
3 ఆగస్టు 1967.

తమ్మునికి బాలలక్ష్మి రాసేది.

నీ ఉత్తరం మళ్ళ మళ్ళ చదువుకుంట కూసున్న. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. బావ వచ్చి ఏం వాసన అంటే ఏం చెప్పాలె?

నీకు యాదికున్నదా, నిన్ను కాలేజీల చేర్పియ్యనీకి బాపు వచ్చిననాడు ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కేముందు చెప్పులు ఇడిచిండు. నువ్వు సిగ్గుపడి "బాపూ, ఇది గుడి కాదు, తొడుక్కో" అన్నవు. ఆయన తొడుక్కోలే. చేతుల పట్టుకొని ఎక్కిండు. గసొంటి మనిషికి నేనేం అబద్ధం చెప్పాలె రా?

నేను చదివింది ఏడో తరగతి. విమానం సంగతి నాకు తెల్వదు. కానీ మీ బావ వర్క్‌షాపుల కుర్చీల కూసునేటోళ్ళందరూ డిగ్రీ ఉన్నోళ్ళే. నూనె తుడిచేటోళ్ళకు లేదు. విమానం నడుపుడంటే డ్రైవర్ పనే గద? అది పోతే నీకేమున్నది చేతుల? కాలు ఇరిగితే, కన్ను మందగిస్తే ఏం చేస్తవు? ఈ మాటకు జవాబు రాయి.

ఉత్తరం డబ్బల ఏసిన. ఏసినంక ఆడనే నిలబడ్డ. డబ్బ తాళం తీస్తే వాపస్ తీసుకుందామని. ఎవ్వరూ రాలే.

ఒక్కటే చెప్తున్న. జల్దీ వచ్చి నీ నోటితోటే చెప్పు.

అక్క


నాగపూర్,
10 డిసెంబర్ 1967.

అక్కా,

నిన్న నన్ను ఒక్కణ్ణే పంపిండ్రు!

సార్ నా పక్కన కూసోని రెండు చక్కర్లు తిప్పిచ్చి, కిందికి దిగంగనే బెల్టు ఇప్పుకొని దిగిపోయిండు. "పో" అన్నడు. గంతే. పుష్పక్ అని చిన్న విమానం, సార్ బరువు లేకపోయేవరకు కోడిపిల్ల లెక్క లేచింది. పైకి పోయినంక పక్క సీటు దిక్కు చూసిన, ఖాళీ. నేను గట్టిగ అరిసిన. ఏమరిసిన్నో తెల్వదు. దిగినంక నా మీద బకెట్ నీళ్ళు గుమ్మరిచ్చిండ్రు, అది ఈడ రివాజు.

నీ మాటకు జవాబు అడిగినవు. కాలు ఇరిగితే ఏం చేస్తనంటే, తెల్వదు. నిజంగ తెల్వదు. కానీ డిగ్రీ చేతుల ఉన్నోనికి కాలు ఇరిగితే మాత్రం ఏం చేస్తడు?

బాపుకు ఉత్తరం ఈ కవర్ల ఉన్నది. పరీక్షలున్నయని రాసిన. ఉగాదికి వస్త. అప్పుడు చెప్త.

ఉప్పలయ్య


తార్నాక,
18 ఏప్రిల్ 1968.

తమ్మీ,

ఉగాదికి ఊరికి పోయినవట. పచ్చడి తాగినవు, కన్న అవ్వతోని తలంటిచ్చుకున్నవు, వాపస్ పోయినవు. చెప్పనే లేదు. బాపు నిన్న బియ్యం మూట తెచ్చి, మూట దించకముందే చెప్పుడు మొదలుపెట్టిండు. "వాడు ఆకాశం దిక్కే చూస్తుండు బిడ్డా, మబ్బులకు ఇంగ్లీషుల పేర్లు చెప్తుండు. ఎంత చదువు చదువుతుండో" అని.

నేను లోపలికి పోయి గోడకు ఒరిగి నిలబడ్డ.

ఇగ నాతోని కాదు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?

అక్క


నాగపూర్,
20 జనవరి 1969.

అక్కా,

కోపం తగ్గలేదని తెల్సు. మూడు ఉత్తరాలకు జవాబు రాయలే నువ్వు. బాపు ఉత్తరాలు మాత్రం డబ్బల వేస్తున్నవు. నీకు దండం పెడ్త.

పెద్ద లైసెన్సుకు ఇంక కొన్ని గంటలే ఎగరాలె. కానీ ఈడ ఒక సంగతి నన్ను కుదిపింది. లైసెన్సు తీసుకున్న సీనియర్లు కొలువు లేక క్లబ్బుల క్యారమ్స్ ఆడుతున్నరు. విమానాలు తక్కువ, మనుషులు ఎక్కువైండ్రు. నిన్న ఒకాయన అన్నడు, "రూల్సుల డిగ్రీ లేదు నిజమే. కానీ పది మందిల ఒకణ్ణి ఏరాలంటే దొర ఏం చూస్తడు?" అని. కంపెనీ దరఖాస్తుల డిగ్రీకి ఒక గడి ఉన్నదట. ఖాళీ విడిస్తే తప్పు కాదట. కానీ ఖాళీ కనపడ్తది గద.

నేను తప్పు చేసిన్నా? నీకు తప్ప ఇంకెవరికి రాయను.

మన దిక్కు కాలేజీలు బంద్ పెట్టిండ్రని పేపర్ల చూసిన. యూనివర్సిటీల పోరగాండ్లు బయటికి వచ్చిండ్రట. నువ్వు, బావ పైలం.

ఉప్పలయ్య


తార్నాక,
8 జూన్ 1969.

తమ్మీ,

నువ్వు ఉన్నవా? ఈ ఉత్తరం అందంగనే, ఉన్న అని ఒక్క ముక్క రాయి. టెలిగ్రాం ఇద్దామంటే బావను మూల దాక గూడ పోనిస్తలేరు, కర్ఫ్యూ.

మొన్న పొద్దుగాల ఎవరో తలుపు కొట్టిండ్రు. తీస్తే బాపు. నెత్తి గుండు. మీసం లేదు. మీద తడి తువ్వాల. "అవ్వకేమైంది?" అన్న. తల అడ్డంగ ఊపిండు. లోపలికి రమ్మంటే రాలే, మైల అన్నడు. గడప అవతలనే కూలబడ్డడు.

"బిడ్డా, గుండె రాయి చేసుకో. తమ్ముడు లేడు."

నేనేమన్ననో ఎరికేనా? "విమానం కూలిందా బాపూ?" అన్న.

"ఏం విమానం?" అన్నడు. "తూటా తగిలింది. నిన్న మూసీ ఒడ్డున నా చేతులతోనే కాలవెట్టిన."

నాకు ఏమీ సమజ్ కాలే. ఆయన చెప్పుకుంట పోయిండు. పట్నంల కాల్పులైనయని, పోరగాండ్లు పోయిండ్రని ఊర్లె రేడియో చెప్పిందట. అవ్వకు చెప్పకుంట రైలెక్కిండు. కాచిగూడల దిగి నడుచుకుంట యూనివర్సిటీకి పోయిండు. హాస్టల్ల అడిగితే, గా పేరుతోని ఎవ్వడూ లేడన్నరట. పుస్తకం తిప్పి చూసి, రెండేండ్ల సంది లేడన్నరట. బాపు ఏమనుకున్నడో విను. సచ్చిపోయిన పిలగాండ్ల పేర్లు సర్కారోళ్ళు కొట్టేస్తున్నరనుకున్నడు.

ఆడికెళ్ళి దవాఖానకు. దెబ్బలు తిన్నోళ్ళ మంచాలన్నీ తిరిగిండు. మళ్ళ శవాల గదికి పోయిండు. ఒక పిలగాడున్నడట, ఎవ్వరూ రాలేదట వానికోసం. ముఖం వాచి ఉన్నది. మాసిన గడ్డం. ఎత్తు నీదే. "ఏడాది దాటింది బిడ్డా వాణ్ణి చూసి. బక్కపడ్డడు, ముఖం మారింది అనుకున్న" అంటడు. వాళ్ళు "నీ కొడుకేనా?" అని అడిగిండ్రట. అవునన్నడట.

ముందు మా ఇంటికి ఎందుకు రాలేదంటే, "నీకు ఎట్ల చెప్పాలె? అంతా అయినంక చెప్తామనుకున్న" అన్నడు. ఎవరో కాలేజీ పోరగాండ్లు నలుగురు పాడె పట్టిండ్రట.

అప్పుడు చెప్పిన తమ్మీ. ఆయన ముందట నేల మీద కూసోని అంతా చెప్పిన. తమ్ముడు నాగపూర్ల ఉన్నడు, కాలేజీ మానిండు, విమానం నడుపుతుండు, నీ ఉత్తరాలు నేనే డబ్బల వేసిన అని. ఆయన నా దిక్కు ఎట్ల చూసిండంటే, బిడ్డకు పిచ్చి లేసింది అన్నట్టు. లోపలికి ఉరికి, విమానం పక్కన నిలబడి నువ్వు దిగి పంపిన ఫోటో తెచ్చి చేతుల పెట్టిన.

మస్తు సేపు చూసిండు. "నవ్వుతుండు" అన్నడు.

కొడ్తడనుకున్న. తిడ్తడనుకున్న. ఫోటో పక్కన పెట్టి, రెండు చేతులు చాపి చూసుకున్నడు.

"మరి గా పిలగాడెవరు బిడ్డా? నేను ఎవరి కొడుకును కాలవెట్టిన?"

అప్పటిసంది గదొక్కటే మాట. బావ సముదాయిస్తే వింటలేడు. అన్నం ముట్టలే. నువ్వు వస్తనంటవు, నాకు తెల్సు. రాకు. బాపు మాట ఇది, ఆయన చెప్పినట్టే రాస్తున్న: "గా పిలగాని తల్లీ తండ్రీ దొరకాలె. దొరికినంకనే వాడు నా ముందట నిలబడాలె."

అక్క


నాగపూర్,
14 జూన్ 1969.

అక్కా,

ఉన్న.

ఉత్తరం ఏరోడ్రోముల అందింది. చదువుకుంటనే విమానం దాక పోయిన. తలుపు తీసి పట్టుకున్న, ఎక్క రాలే. సార్ నా ముఖం చూసి "ఇంటికి పో" అన్నడు. ఏ ఇంటికి పోవాలె?

నా పేరు మీద ఒకడు కాలిపోయిండు. వాణ్ణి నేను చూడలే, వాని పేరు తెల్వదు. వాడు నా లెక్కనే ఉండెనట. బాపుకు నా ముఖం యాదిలేకుంట చేసింది నేనే గద.

బాపు వద్దంటే రాను. కానీ గీడ దొరికిన ప్రతి పేపరు తిరగేస్తున్న. తప్పిపోయినోళ్ళ పేర్లు ఉంటే రాసి పంపుత. ఒక్కటి అడుగుత, బాపు అన్నం తిన్నడా?

ఉప్పలయ్య


తార్నాక,
29 జూన్ 1969.

తమ్మీ,

దొరికింది.

కర్ఫ్యూ సడలిచ్చిన ప్రతి పూట బాపు దవాఖాన గేటు కాడికి పోయి కూసునేది. చేతుల ఒక మట్టి గురిగి, దాంట్ల గా పిలగాని బొక్కలు, బూడిద. మూసీల కలపలే. "ఇయ్యి నాయి కావు, కలపనీకి నేనెవణ్ణి?" అనేది. గేటోళ్ళు మొదాలు ఎల్లగొట్టిండ్రు, తర్వాత ఇడిచిపెట్టిండ్రు.

మొన్న బావ గూడ ఎంబడి పోయిండు. ఒక ఆడామె ఫోటో పట్టుకొని వచ్చిపోయేటోళ్ళందరికీ చూపెడుతున్నదట. ముషీరాబాద్ ఆమె. పేరు ప్రమీలమ్మ. మొగడు లేడు, కూరగాయల బండి పెట్టుకొని బతుకుతది. ఒక్కడే కొడుకు, బాలస్వామి. ప్రెస్సుల పని చేసుకుంట, సాయంత్రం కాలేజీల బీఏ పాసైండట. పోలీసోళ్ళు పట్టుకపోయి జైల్ల పెట్టిండ్రనుకొని జైలు చుట్టూ, ఠాణాల చుట్టూ తిరిగిందట ఇన్ని దినాలు. శవాల గది దిక్కు రావాల్నని తోచలే ఆమెకు. మనసు తోచనియ్యలే.

బాపు ఫోటో చూసిండు. లేసి నిలబడ్డడు. బావ పట్టుకున్నడట, పడ్తడని.

"అమ్మా, నీ కొడుకును నేను సాగదోలిన" అన్నడు.

ఆమె "ఎక్కడికి?" అన్నదట.

గురిగి ఆమె ఒడిల పెట్టి బాపు దాని ముందట తల నేలకు ఆనిచ్చిండట. ఆమె కొట్టిందట. నెత్తి మీద, వీపు మీద, చెయ్యి నొచ్చేదాక. బాపు కదలలే. కొట్టి కొట్టి, మళ్ళ అడిగిందట: "నీళ్ళు పోసిండ్రా వాని నోట్ల? ఎవరన్న ఏడ్సిండ్రా?"

"నేను ఏడ్సిన. నా కొడుకనుకొని ఏడ్సిన" అన్నడట బాపు.

ఇగ నువ్వు రా.

అక్క


బొంబాయి,
16 నవంబర్ 1969.

అక్కకు,

ఉత్తరం ఆలస్యమైంది. ముషీరాబాద్ కాడికెళ్ళి సీద స్టేషన్‌కు పోయిన, నీకు చెప్పి రాలే. ఆడ ఏమైందో బాపు నీకు చెప్పి ఉండడు. నేను చెప్త.

ముందు కొలువు సంగతి. పెద్ద లైసెన్సు వచ్చినంక విమానాల కంపెనీల తీసుకున్నరని తెల్సు కదా. ట్రైనింగ్ మొదలైంది, పాసైతే కో-పైలట్. ఇంటర్వ్యూల నలుగురు కూసున్నరు. గాలి గురించి, ఇంజను గురించి, ఒక ఇంజను ఆగిపోతే ఏం చేస్తవని అడిగిండ్రు. ఆఖర్ల ఒకాయన ఫారం మీద ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, "బీఎస్సీ ఎందుకు మానినవు?" అన్నడు. "ఎగరాలని మానిన సార్" అన్న. తల ఊపి పేజీ తిప్పిండు. గంతే. విమానం నడపనీకి డిగ్రీ పని లేదక్కా. నేను నీకు రాసిన ఉత్తరాలన్నిట్ల నిజం గదొక్కటే.

జులైల వచ్చినప్పుడు నువ్వే చూసినవు, బాపు నా ముఖమంతా చేతులతోని తడిమిండు, చెవులు, ముక్కు, గదుమ. ప్రమీలమ్మ ఇంటికి తీసుకపోతే ఆమె బాపును లోపలికి పిలిచి, నన్ను చూసి తలుపేసింది. "నువ్వు రా అన్నా, నీ కొడుకును నా కండ్ల ముందటికి తేకు" అన్నది. తప్పేమున్నది?

ఈసారి కొలువు ఆర్డర్ వచ్చిందని చెప్పనీకి వచ్చిన కదా. బాపు విని, "మంచిది" అన్నడు. తర్వాత "ముషీరాబాద్ దాక నాతోని రా, బయట నిలబడుదువు" అన్నడు. ఆయన నెలకోసారి పోతున్నడు, బియ్యం పట్టుకొని. నీకు తెల్సు కదా.

నేను గల్లీల నిలబడ్డ. తలుపు సగం తెరిచే ఉన్నది. లోపల వాళ్ళ మాటలు వినపడుతున్నయి.

"అన్నా, ఇది పోస్టుల వచ్చింది. యూనివర్సిటీదని పోస్టుమాన్ చెప్పిండు. వాని పేరు మీద. మూడు దినాలైంది, ఇప్పలే నేను."

"ఇప్పు చెల్లె."

కాగితం చప్పుడు.

"చదువు అన్నా."

"నాకు రాదమ్మా. నీకు?"

"నాకెక్కడిది."

ఎవరన్న ఇంటి పక్కోళ్ళను పిలుస్తరనుకున్న. గల్లీల ఇద్దరు ముగ్గురున్నరు. తలుపు పూర్తిగ తెరుచుకున్నది. ఆమె వచ్చి నిలబడ్డది. జులై సంది నన్ను మొదటిసారి చూసింది. నేను తల దించుకున్న.

"నీకు ఇంగ్లీషు వస్తదా?" అన్నది.

"వస్తదమ్మా."

"లోపలికి రా."

ఒకటే రూము. మంచం మీద బాపు ఆ కాగితం పట్టుకొని కూసున్నడు, రెండు చేతుల, తడి తగిలితే ఖరాబైతదేమో అన్నట్టు. మందం కాగితం, పైన యూనివర్సిటీ ముద్ర. బాపు తలకిందుల పట్టుకున్నడు. నేను మెల్లగ తీసుకొని సరిగ్గ తిప్పిన. అక్కా, గసొంటి కాగితం నేను జీవితంల మొదటిసారి చేతుల పట్టుకున్న.

మొదాలు ఇంగ్లీషుల చదివిన. తర్వాత తెలుగుల చెప్పిన. బాలస్వామి, ఫలానా తండ్రి కొడుకు, పరీక్ష పాసైండు, సెకండ్ డివిజన్, వీనికి బీఏ పట్టా ఇస్తున్నం అని ఉన్నదమ్మా అన్న.

ఆమె ఏడ్వలే. బాపు ఏడ్సిండు. ఆమె నా చేతులకెళ్ళి కాగితం తీసుకొని అక్షరాల దిక్కు చూసింది. "దీంట్ల వాని పేరు ఏది?" అన్నది. చూపెట్టిన. వేలు పెట్టి, పేరు మొదలుకాడికెళ్ళి ఆఖరు దాక జరిపింది. మళ్ళ నాకే ఇచ్చింది.

"ఇంకొకసారి చదువు బిడ్డా. పేరు గట్టిగ చదువు, గల్లీకి వినపడాలె" అన్నది.

లేసి నిలబడి చదివిన.

నీ తమ్ముడు,
ఉప్పలయ్య